దోసెల పెనమూ బ్రేకు డిస్కూ

నెల్లూరు నుంచి ఒక పాఠకుడు రాశారు: “శ్రీపెరుంబుదూరు దగ్గర ఇరుంగాట్టుకోట్టై రేసు ట్రాక్ మీద మా హ్యాచ్‌బ్యాక్ నడపబోతున్నాను. రోజూ ఆఫీసుకు వెళ్లేదీ అదే కారు. బ్రేక్ ప్యాడ్లు మార్చాలా? మారిస్తే ఏవి వెయ్యాలి?” ఆ ఉత్తరం చదివినప్పటి నుంచి నాకు మా వంటింటి దోసెల పెనమే కళ్లముందు తిరుగుతోంది. ఎందుకో చెప్తాను గానీ, ముందు చిన్న లెక్క.

మనిషితో కలిపి 1,150 కిలోల కారు. ట్రాక్ తిన్నగా సాగే స్ట్రెయిట్ చివర గంటకు 160 కిలోమీటర్ల వేగం నుంచి మలుపు కోసం 70కి దించాలనుకుందాం. గతిశక్తిలో తేడా సుమారు 9 లక్షల జౌళ్లు. ఊళ్లో సిగ్నల్ దగ్గర 50 నుంచి ఆగితే 1.1 లక్షలే. పైగా ఇక్కడ ఆ పనంతా మూడు సెకన్లలో అయిపోవాలి. అంటే 300 కిలోవాట్లు, 110 హార్స్‌పవర్ ఇంజన్‌కి దాదాపు నాలుగు రెట్లు! కారులో అసలు బలశాలి బ్రేకు. పేరు మాత్రం ఇంజన్‌కి. ముందు చక్రాల మీద 70 శాతం పడుతుందనుకుంటే ఒక్కో ముందు డిస్కుకి (చక్రంతో పాటు తిరిగే ఇనుప పళ్లెం, పెడల్ తొక్కితే ప్యాడ్లు నొక్కిపట్టేది దీన్నే) 3.2 లక్షల జౌళ్లు. డిస్కు 5 కిలోల పోత ఇనుము, కిలో ఒక డిగ్రీ వేడెక్కాలంటే సుమారు 500 జౌళ్లు. భాగించండి: 128 డిగ్రీలు. ఒక్క తొక్కుకి! అది చల్లారేలోపే ఇంకో మలుపు. ఆ ట్రాక్ చుట్టు 3.7 కిలోమీటర్లు, మలుపులు 12. అన్నిచోట్లా ఇంత గట్టిగా తొక్కరు గానీ, నాలుగైదు ల్యాపులకు డిస్కు 400, 500 డిగ్రీలు చేరడం వింతేమీ కాదు.

బడిలో ఘర్షణ గుణకం, అంటే రాపిడిలో పట్టు ఎంతో చెప్పే అంకె, ఒక స్థిరమైన అంకె అని పట్టిక రాయించి వదిలేస్తాం. నేనూ కొన్నేళ్లు అలాగే చెప్పాను. ప్యాడ్ దగ్గర ఆ పాఠం చెల్లదు. వేడిని బట్టి అంకె మారుతుంది, ప్యాడ్ ఎంపిక అంతా ఆ మార్పులోనే ఉంది. ప్యాడ్ అంచున ‘ఎఫ్‌ఎఫ్’ లాంటి రెండక్షరాలుంటాయి. మొదటిది మామూలు వేడిలో పట్టు, రెండోది ఎక్కువ వేడిలో. ‘ఎఫ్’ అంటే 0.35 నుంచి 0.45, ‘జి’ అంటే 0.45 నుంచి 0.55. బావుంది కదా? చిక్కేమిటంటే ఆ అక్షరాలిచ్చే పరీక్ష దాదాపు 343 డిగ్రీలతో ఆగిపోతుంది. మన కథ మొదలయ్యేదే అక్కడ! ప్యాడ్ పొడినంతా కలిపి పట్టుకునే రెసిన్ ఆ తర్వాతే కాలడం మొదలుపెడుతుంది, పట్టు జారిపోతుంది. దీన్నే ఫేడ్ అంటారు.

ఇక పెనం. డిస్కూ పోత ఇనుమే, మంచి దోసెల పెనమూ పోత ఇనుమే. కొత్త పెనం మీద నూనె రాసి, సగం కోసిన ఉల్లిపాయతో రుద్ది, కాల్చి, నల్లటి పొర కట్టేదాకా దోసె రాదు. కొత్త ప్యాడ్ కూడా డిస్కు మీద తన పదార్థంతోనే పలచని పొర వేసుకోవాలి. ఆ తర్వాత రాపిడి ఇనుముకీ ప్యాడ్‌కీ కాదు, ప్యాడ్‌కీ ప్యాడ్ పొరకీ. (పెనం మీది పొర అంటుకోకుండా ఉండటానికి, ఇది అంటుకోవడానికి. పోలిక అక్కడ మాత్రం తిరగబడుతుంది.) ఆ పొర కోసం 100 వేగం నుంచి 30కి, పూర్తిగా ఆగకుండా, ఎనిమిది పదిసార్లు తొక్కి, తర్వాత బ్రేకు ముట్టకుండా కాసేపు నడిపి చల్లారనివ్వాలి. మొదట్లో వచ్చే కమురు వాసనకి కంగారొద్దు, రెసిన్ వాయువులు పోతున్నాయి. ఈ పని చెయ్యకుండా కొత్త ప్యాడ్లతో నేరుగా ట్రాక్ ఎక్కితే ఆ వాయువులే మొదటి పెద్ద మలుపులో మోసం చేస్తాయి.

కాలిన పెనం మీద పిండి పోసి అలా వదిలేస్తే ఏమవుతుంది? అక్కడే మాడి మచ్చ పడుతుంది. ఎర్రగా కాగిన డిస్కుతో పిట్‌లోకి (ట్రాక్ పక్కన కార్లు ఆపే చోటు) వచ్చి పెడల్ తొక్కిపట్టి నిలబడితే ప్యాడ్ ముద్ర అలాగే పడుతుంది. మర్నాటి నుంచి స్టీరింగ్ వణుకు. మెకానిక్ “డిస్కు బెండయింది సార్” అంటాడు. చాలాసార్లు బెండు కాదు, ఆ మచ్చే. మచ్చ దగ్గర వేడి 650, 700 డిగ్రీలకు చేరితే ఇనుములో సిమెంటైట్ అనే గట్టి ఇనుము–కార్బన్ పదార్థం పుడుతుంది, అది గరుకు కాగితానికి లొంగదు. అందుకే చివరి ల్యాపు నెమ్మదిగా తిప్పాలి, అది మంట తగ్గించడం. ఆగాక గేరులో ఉంచి చక్రానికి రాయి అడ్డం పెట్టండి, హ్యాండ్‌బ్రేక్ లాగొద్దు. పూజ రోజు నిమ్మకాయ పెట్టే అలవాటున్న మనకు రాయి పెట్టడం కష్టమా?

నమ్మకాల మాట వచ్చింది కాబట్టి, చిల్లుల డిస్కులు. చూపుకే ఆ చిల్లులు, ట్రాక్ వేడికి పగుళ్లు మొదలయ్యేది వాటి అంచుల్లోనే. ఆ డబ్బు వేరేచోట పెట్టండి.

మరి రేసు ప్యాడ్లే వేసేస్తే? వాటికి వేడెక్కితేనే పట్టు. వానలో, చల్లటి డిస్కుతో, నెల్లూరు దారిలో ఎదురుగా గేదె వస్తే మొదటి తొక్కు ఖాళీ పోతుంది. కీచుమంటాయి, డిస్కును తినేస్తాయి. ట్రాక్ దగ్గర మార్చుకుని, వచ్చేటప్పుడు పాతవి వేసుకుందామంటే మళ్లీ పెనం గొడవే: చపాతీలు కాల్చిన పెనం మీద వెంటనే దోసె వెయ్యడం. ఒక జాతి ప్యాడ్ పొర మీద ఇంకో జాతి సరిగ్గా కుదురుకోదు, డిస్కుల జత కూడా వేరేది ఉంచుకోవాలి. మొదటి ఏడాది ఆ తంటా వద్దు. చల్లగా ఉన్నప్పుడూ పట్టి, 500 డిగ్రీల దాకా పట్టు పెద్దగా మారని వీధి–ట్రాక్ రకం ప్యాడ్లు తీసుకోండి. డబ్బా మీద గరిష్ఠ ఉష్ణోగ్రత అంకె చూసి మురిసిపోవద్దు, కంపెనీ గీసిన గ్రాఫు అడగండి, గీత ఎంత చదునుగా ఉందో చూడండి.

ప్యాడ్ల కంటే ముందు బ్రేక్ ఆయిల్ మార్చండి. డాట్ 4 రకం ఆయిల్ కొత్తగా ఉంటే కనీసం 230 డిగ్రీల దాకా మరగదు. తేమ పీల్చుకున్నాక 155కే మరగొచ్చు. మరిగితే గొట్టాల్లో ఆవిరి బుడగలు, పెడల్ మెత్తగా నేలకి దిగిపోతుంది. పెడల్ రాయిలా గట్టిగా ఉండి కారు ఆగకపోతే తప్పు ప్యాడ్‌ది, మెత్తబడితే ఆయిల్‌ది. రెంటిలో ఏది జరిగినా ఆ ల్యాపు అక్కడితో మెల్లగా ముగించి పిట్‌లోకి వచ్చేయండి.