వాకర్‌లో వేస్తే నడక వస్తుందా? అపోహలు - వాస్తవాలు

నేను పిల్లల ఫిజియోథెరపిస్ట్‌ని. ఆరేడు నెలల బిడ్డ ఉన్న తల్లిదండ్రులు నన్ను తరచుగా అడిగే ప్రశ్న "వాకర్ ఎప్పుడు కొనమంటారు?" అని. కొనాలా వద్దా అని అడిగేవాళ్ళు తక్కువ, కొనడం అప్పటికే ఖాయమైపోయి ఉంటుంది, ఏ నెలలో అన్నదే నన్ను చెప్పమంటారు. అందుకని నా మాట ముందే చెప్పేస్తాను. బిడ్డని మధ్యలో సీటులోకి దింపి, చుట్టూ చక్రాల ఫ్రేమ్ ఉండే వాకర్ కొనకండి, ఎవరైనా ప్రేమగా తెచ్చిచ్చినా వాడకండి. ఇంత గట్టిగా ఎందుకు చెప్తున్నానో కింద రాస్తున్నాను.

అపోహ: వాకర్‌లో వేస్తే త్వరగా నడుస్తారు

చూడటానికి అలాగే ఉంటుంది మరి. బిడ్డ నిటారుగా ఉంది, కాళ్ళు ఆడిస్తోంది, గదిలో ఈ మూల నుంచి ఆ మూలకి పోతోంది. ఒక్కసారి మీరూ నేల మీద కూర్చుని ఆ పాదాలు చూడండి. మడమలు గాల్లో ఉంటాయి, మునివేళ్ళు నేలని వెనక్కి తన్నుతుంటాయి. ఒంటి బరువులో చాలావరకు కాళ్ళ మీద కాకుండా సీటు మీద పడుతుంది, ఛాతీ ముందున్న ట్రేకి ఆనుకుని ఉంటుంది. రెండు కాళ్ళతో ఒకేసారి తన్నినా బండి ముందుకే పోతుంది కాబట్టి ఒక కాలి తర్వాత ఒక కాలు వేయాల్సిన అవసరమే బిడ్డకి రాదు.

నడకలో కష్టమంతా ఒక కాలు లేపి బరువుని రెండో కాలి మీదకి మార్చుకుని, ఆ క్షణం పాటు పడకుండా నిలవడంలో ఉంది. తుంటి పక్క కండరాలు, పొట్ట, నడుము కలిసి చేయాల్సిన పని అది. వాకర్‌లో ఆ పనంతా సీటే చేసేస్తుంది. పైగా ట్రే అడ్డంగా ఉండటంతో పాదం ఎక్కడ పడుతోందో బిడ్డకి కనబడదు.

ఇంక పడటం సంగతి. పిల్లలు పడుతూ లేస్తూనే నడక నేర్చుకుంటారు. న్యూయార్క్ యూనివర్సిటీలో కేరెన్ అడాల్ఫ్ బృందం 12 నుంచి 19 నెలల పిల్లలు వాళ్ళ ఇష్టం వచ్చినట్టు ఆడుకుంటుంటే గమనించి 2012లో ప్రచురించిన లెక్క ఇది: గంటకు సగటున 2,368 అడుగులు, 17 సార్లు కింద పడటం. ప్రతి తప్పటడుగూ, ప్రతి పడటమూ బిడ్డ మెదడుకి ఏదో ఒకటి చెప్తుంది. వాకర్‌లో తూలడం, సర్దుకోవడం, చతికిలబడి మళ్ళీ లేవడం ఏదీ జరగదు.

2002లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో 190 మంది పిల్లల మీద వచ్చిన ఒక పరిశీలనలో, వాకర్‌లో గడిపిన సమయం మొత్తం కలిపి ప్రతి 24 గంటలకీ, ఏ ఆసరా లేకుండా నడవడం 3.3 రోజులు, నిలబడటం 3.7 రోజులు ఆలస్యం కావడం కనిపించింది. వాకర్ వాడినవాళ్ళకీ వాడనివాళ్ళకీ పెద్ద తేడా కనబడని పరిశీలనలు కూడా ఉన్నాయి, ఆ మాట దాచను. కానీ వాకర్ వల్ల నడక త్వరగా వస్తుందనడానికి నమ్మదగ్గ ఆధారం లేదు.

నా దగ్గరికి పది నెలల బాబుని తెచ్చారు ఒకసారి. ఇంట్లో రోజులో చాలాసేపు వాకర్‌లోనే ఉండేవాడు, "వీడు ఇంటిల్లిపాదినీ పరుగులు పెట్టిస్తాడండీ" అని వాళ్ళమ్మ సంబరంగా చెప్పింది. మ్యాట్ మీద దింపి నా మోకాలు పట్టుకుని నిలబడనిచ్చాను. నిలబడ్డాడు, కానీ పూర్తిగా మునివేళ్ళ మీద. నా చేతులతో మెల్లగా మడమలు కిందికి ఆనిస్తే ఒళ్ళు వెనక్కి వాలిపోయింది, ఆపుకోవడం తెలియలేదు, భయంతో ఏడ్చాడు. వాకర్ మానేసి నేల మీద వదలమన్నాను, దోగాడటం, సోఫా పట్టుకుని పక్కకి అడుగులేయడం, అంతే. ఆరు వారాలకి వచ్చినప్పుడు అదే మోకాలు పట్టుకుని పాదం మొత్తం నేలకి ఆనించి నిలబడి, కింద పడ్డ గిలక్కాయ కోసం వంగి, మళ్ళీ లేచాడు. మునివేళ్ళ నడక ఉన్న ప్రతి బిడ్డకీ కారణం వాకరే అని నేను అనను. ఈ బాబుకి మాత్రం నేల దొరకడంతోనే మార్పు మొదలైంది.

అపోహ: పక్కనే ఉండి చూసుకుంటే ఏమీ కాదు

ప్రమాదం జరిగాక నేను విన్న మాట ఎప్పుడూ ఒకటే: "ఇక్కడే ఉన్నానండీ, కళ్ళ ముందే జరిగిపోయింది." వాళ్ళు అబద్ధం చెప్పడం లేదు. వాకర్‌లో ఉన్న బిడ్డ ఒక్క సెకనులో మీటరు దూరం దాటిపోగలదు. మీరు మూడు నాలుగు మీటర్ల దూరంలో కూర్చుని ఉన్నారనుకోండి, బిడ్డ మెట్ల వైపు తిరిగిందని గమనించి, లేచి, పరుగెత్తి అందుకోవడానికి పట్టే సమయంలోనే పడిపోవడం కూడా అయిపోతుంది. అలా పడినప్పుడు బిడ్డతో పాటు ఆ ఫ్రేమ్ బరువు కూడా మెట్ల మీద దొర్లుతుంది, ముందుగా దెబ్బ తగిలేది తలకి.

1990 నుంచి 2014 వరకు అమెరికాలో 15 నెలల లోపు పిల్లలు 2,30,676 మంది వాకర్ దెబ్బలతో ఎమర్జెన్సీ విభాగాలకు వచ్చారని 2018లో పీడియాట్రిక్స్ పత్రికలో వచ్చిన అంచనా. అందులో 90.6 శాతం మందికి దెబ్బ తలకో మెడకో. 74.1 శాతం మంది మెట్ల మీద నుంచి పడ్డవాళ్ళు.

మెట్లు లేని ఇల్లు కదా అంటారు. నేల మీద పాకే బిడ్డకి అందని ఎత్తు వాకర్‌లో ఉన్న బిడ్డకి అందుతుంది. బల్ల అంచున ఉన్న వేడి గిన్నె, వేలాడుతున్న ఇస్త్రీపెట్టె వైరు, లాగితే పైనున్నవన్నీ మీద పడే టేబుల్ గుడ్డ, బాత్రూమ్‌లో నీళ్ళున్న బకెట్. గడప దగ్గర ముందు చక్రాలు తట్టుకుని బోల్తా పడటం సరేసరి. రోజుకి పది నిమిషాలే వాడతాం అన్నా ఆ పది నిమిషాల్లో ఈ ప్రమాదం ఏమీ తగ్గదు.

అపోహ: ఇప్పుడొచ్చే మోడళ్ళకి బ్రేకులున్నాయి, భయం లేదు

కొంత నిజం ఉంది. అంచు దాటగానే నేలని పట్టుకుని ఆపే ఏర్పాట్లు వచ్చాక అమెరికాలో దెబ్బలు బాగా తగ్గాయి. 1990లో 20,650 ఉన్నవి 2003కి 3,201 అయ్యాయి. 2010లో అక్కడ ప్రభుత్వ ప్రమాణం తప్పనిసరి చేశాక, అంతకుముందు నాలుగేళ్ళతో పోలిస్తే తర్వాతి నాలుగేళ్ళలో సగటున మరో 22.7 శాతం తగ్గాయి. ప్రమాణాలు ఇంకా గట్టిపడ్డాయి కానీ దెబ్బలు సున్నాకి రాలేదు. అడుగున ఉండే రబ్బరు పట్టీలు అరిగిపోతాయి, మురికి పడితే జారతాయి, వేడి గిన్నె అందకుండా అవి ఆపలేవు కూడా.

కెనడా 2004 ఏప్రిల్‌లో వాకర్ల అమ్మకం, దిగుమతి, ప్రకటన అన్నీ నిషేధించింది. వాడేసినవి పాత సామాన్లతో పాటు అమ్మడం కూడా అక్కడ నేరమే. అమెరికాలోని పిల్లల డాక్టర్ల సంఘం అమెరికన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్ కూడా వాకర్ల తయారీ, అమ్మకం నిషేధించాలని ఎన్నో ఏళ్ళుగా అడుగుతోంది.

అపోహ: వాకర్ వల్ల కాళ్ళు బలపడతాయి, వంకర పోతుంది

బరువు మోయని కాలికి బలం ఎక్కడి నుంచి వస్తుంది? తన్నడానికి వాడే పిక్కలు మాత్రం బిగుసుకుంటాయి. ఇక వంకర అంటారా, మొదటి రెండేళ్ళు పిల్లల కాళ్ళు కాస్త విల్లులా వంగి ఉండటం మామూలే, సాధారణంగా వాటంతటవే సరిపోతాయి.

అపోహ: మా బిడ్డ వెనకబడింది, వాకర్‌తో అందుకుంటుంది

దీని గురించి నాకు అన్నిటికన్నా ఎక్కువ బెంగ. పిల్లలందరూ ఒకే నెలలో నడవరు. ప్రపంచ ఆరోగ్య సంస్థ అయిదు దేశాల ఆరోగ్యవంతులైన పిల్లల్ని చూసి ఇచ్చిన లెక్కల్లో, ఆసరా లేకుండా నడక 8.2 నెలల నుంచి 17.6 నెలల మధ్య ఎప్పుడైనా రావచ్చు. వాళ్ళలో 4 శాతానికి పైగా పిల్లలు చేతులూ మోకాళ్ళ మీద దోగాడనే లేదు. పక్కింటి బాబు పదో నెలలో నడిచాడని మీరు టెన్షన్ పడక్కర్లేదు. నెలలు నిండకుండా పుట్టిన బిడ్డకైతే పుట్టిన రోజు నుంచి కాకుండా, డాక్టరు ముందుగా చెప్పిన ప్రసవం తేదీ (డ్యూ డేట్) నుంచి వయసు లెక్కపెట్టాలి.

కానీ నిజంగానే ఏదైనా ఇబ్బంది ఉంటే వాకర్ దాన్ని కప్పేస్తుంది. వాకర్‌లో తిరుగుతోంది కదా, నడక వచ్చేస్తుందిలే అనుకుంటూ నెలలు గడిచిపోతాయి. మొదట్లోనే చికిత్స మొదలుపెట్టాల్సిన పిల్లలు అలా ఆలస్యంగా రావడం చూసినప్పుడు మనసు చివుక్కుమంటుంది. తొమ్మిది నెలలు దాటినా ఆసరా లేకుండా కూర్చోకపోయినా, ఏడాది నిండకముందే ఎప్పుడూ ఒకే చేయి వాడుతున్నా, ఎత్తుకున్నప్పుడు కాళ్ళు బిగుసుకుని కత్తెరలా ఒకదాని మీదకి ఒకటి వస్తున్నా, 18 నెలలకీ నడవకపోయినా, అప్పటిదాకా చేసిన పని మానేసినా, వాకర్ ఆలోచన పక్కన పెట్టి పిల్లల డాక్టరుకి చూపించండి.

అపోహ: వాకర్ లేకపోతే ఇంట్లో పని కాదు

ఈ మాట అనే అమ్మల మీద నాకు కోపం రాదు. ఒక్కరే ఉండి, ఇంటి పనీ బిడ్డా రెండూ చూసుకోవాల్సినప్పుడు పదిహేను నిమిషాలు చేతులు ఖాళీ కావడం ఎంత పెద్ద విషయమో నాకు తెలుసు. దానికి చక్రాలు అక్కర్లేదు. చుట్టూ కంచెలా ఉండే ప్లేపెన్‌లో గట్టి మ్యాట్ వేసి రెండు మూడు బొమ్మలు ఇవ్వండి, మీరు కనబడేలా పెట్టుకోండి. చక్రాలు లేకుండా ఒకేచోట ఉండే ఆట సీటు ఉంటే, పదిహేను ఇరవై నిమిషాలు సరే, అంతకు మించి వద్దు.

పట్టుకుని నిలబడటం మొదలయ్యాక సోఫా మీద ఈ చివర ఒక బొమ్మ, చెయ్యి చాస్తే అందీ అందనట్టు ఆ పక్కన ఇంకో బొమ్మ పెట్టండి. దాని కోసం బిడ్డ పక్కకి వేసే ఆ ఒక్క అడుగులో తుంటి చేసే పని వాకర్‌లో గంట తిరిగినా జరగదు. ఇంట్లో చెప్పులూ బూట్లూ వేయకండి, వేళ్ళు నేలని పట్టుకోనివ్వండి. వెనక నిలబడి తోసుకుంటూ పోయే బొమ్మబండి వేరే వస్తువు, బిడ్డ తనంతట తాను లేచి నిలబడి, పట్టుకుని అడుగులేస్తున్నప్పుడు పనికొస్తుంది. తేలికగా జారిపోతుంటే అందులో కాస్త బరువు పెట్టండి, పక్కనే ఉండండి.

ఇప్పటికే ఇంట్లో వాకర్ ఉంటే అటక మీద పెట్టకండి, వేరేవాళ్ళకి ఇవ్వకండి. చక్రాలు ఊడదీసి, సీటు గుడ్డ కత్తిరించి, ఇంకెవరూ తీసుకుని వాడే వీలు లేకుండా చేశాకే బయట పడేయండి.