వరస రాత్రుల ఐస్ హాకీ: ఓటమిలో అలసట వాటా ఎంత?

ఉత్తర అమెరికాలోని నేషనల్ హాకీ లీగ్‌లో ఒక్కో జట్టు అక్టోబరు నుంచి ఏప్రిల్ మధ్యదాకా 80కి పైగా మ్యాచ్‌లు ఆడుతుంది. సగటున రెండుంబావు రోజులకు ఒకటి. కానీ ఆటలు అలా సమంగా పడవు. ఒకసారి మూడు రోజుల విరామం దొరుకుతుంది, మరోసారి వరసగా రెండు రాత్రులు ఆడాల్సి వస్తుంది. ఈ ‘బ్యాక్ టు బ్యాక్’ జంటలు సీజన్‌లో ఒక్కో జట్టుకు సాధారణంగా పది దాటుతాయి. రెండో రాత్రి ఓడితే తప్పంతా అలసటదే అనేస్తారు. అలసట నిజమే. అయితే ఓటమిలో దాని వాటా ఎంతో తేల్చడానికి చాలా జాగ్రత్త కావాలి.

ఆటగాడు ఒక్కో షిఫ్ట్‌లో, అంటే బెంచీ నుంచి దిగి మళ్ళీ బెంచీకి చేరేలోగా, మంచు మీద ఉండేది సుమారు 45 సెకన్లే. ప్రధాన డిఫెన్స్ ఆటగాడికైనా మ్యాచ్ మొత్తంలో 22 నుంచి 25 నిమిషాలు వస్తాయి. ఆ కాస్త సేపట్లోనే పూర్తి వేగంతో స్కేటింగ్, గుద్దుకోవడాలు, హఠాత్తుగా ఆగడాలు ఉంటాయి కాబట్టి తొడ కండరాల్లో ఇంధనంగా నిల్వ ఉండే గ్లైకోజెన్ సగం దాకా ఖర్చవుతుంది. పిండి పదార్థాలు బాగా తిన్నా అది మళ్ళీ నిండడానికి ఒక రోజు పడుతుంది. ఈలోగా రాత్రికి రాత్రే విమానమెక్కి, అర్ధరాత్రి దాటాక హోటల్‌కు చేరితే నిద్ర కూడా పోతుంది. ప్రయాణం తూర్పు వైపైతే గడియారంలో మరికొన్ని గంటలు తగ్గుతాయి. శరీర గడియారం రోజుకు దాదాపు ఒక టైమ్ జోన్ చొప్పున మాత్రమే సర్దుకుంటుంది.

అలసిన కాళ్ళను ఆట నిబంధనలు ఇంకా ఇబ్బంది పెడతాయి. మూడు పీరియడ్ల (భాగాల) ఆటలో జట్లు వైపులు మారడం వల్ల రెండో పీరియడ్‌లో సొంత డిఫెన్స్ జోన్ నుంచి బెంచీ దూరమవుతుంది. ఒత్తిడిలో ఉన్నవాళ్ళు మార్పిడికి వెళ్ళలేక, 45 సెకన్ల షిఫ్ట్ నిమిషం దాటిపోతుంది. ఊపిరి పీల్చుకోవడానికి పక్‌ను (ఆటలో వాడే రబ్బరు బిళ్ళను) దూరంగా అవతలి చివరకు కొట్టేస్తే ‘ఐసింగ్’ అనే తప్పు పడుతుంది. 2005-06 నుంచి ఐసింగ్ చేసిన జట్టు ఆటగాళ్ళను మార్చుకోవడానికి వీల్లేదు. అలసిన ఆ ఐదుగురే తమ గోల్ ముందు, తాజా ప్రత్యర్థులతో ఫేస్ ఆఫ్‌కు (ఆటను మళ్ళీ మొదలుపెట్టే పక్ పోటీకి) నిలబడాలి. కాళ్ళు అందుకోలేనప్పుడు కర్ర చాస్తారు. దాంతో హుకింగ్ (కర్రతో లాగడం), ట్రిప్పింగ్ (కాళ్ళకు అడ్డుపెట్టి పడేయడం) పెనాల్టీలు వస్తాయి. అలసటను వెతకాల్సింది తుది స్కోరులో కన్నా ముందు ఇక్కడ.

ఇక లెక్క సంగతి. రెండో రాత్రి ఫలితాలన్నీ పోగేసి గెలుపు శాతం తీస్తే తప్పుదారి పడతాం. ఆ ఆట తరచుగా పరాయి ఊళ్ళో జరుగుతుంది, సొంత మైదానంలో ఆడే జట్టు ఎలాగూ దాదాపు 54 శాతం గెలుస్తుంది. పైగా రెండు రాత్రుల్లో ఒకదానికి రెండో గోల్‌కీపర్‌ను దింపుతారు. అతను ఆపే షాట్లు 91 శాతం బదులు 90 అయినా, 30 షాట్లకు 0.3 గోల్ అదనంగా పడుతుంది. ఆరు గోల్స్ తేడా సుమారు ఒక గెలుపుతో సమానం అనే వాడుక లెక్కన, గెలుపు అవకాశం ఐదు శాతం పాయింట్లు పడిపోయినట్టే. కాళ్ళ అలసటకు అంటగట్టిన నష్టంలో ఎక్కువ భాగం గోల్‌కీపర్ మార్పుదే కావచ్చు.

అందుకే చూడాల్సింది ఒక జట్టు విశ్రాంతిని కాదు, రెండు జట్ల విశ్రాంతిలోని తేడాను. ఇద్దరూ నిన్న ఆడినవాళ్ళే అయితే అలసట చాలావరకు రద్దవుతుంది. 2020-21లో కరోనా వల్ల 56 మ్యాచ్‌ల సీజన్ ఇలాంటి పోలికకు అరుదైన వీలు కల్పించింది. అవే రెండు జట్లు అదే నగరంలో వెంటవెంటనే రెండేసి ఆటలు ఆడిన సందర్భాలు ఎన్నో ఉన్నాయి. అక్కడ ఆట అలసట ఉంది, మధ్యలో ప్రయాణం లేదు.

అప్పుడు కూడా ఒక్క సీజన్ చాలదు. అలసట గెలుపు అవకాశాన్ని 50 నుంచి 46 శాతానికి దించుతుందనుకుందాం. ఆ తేడాను పట్టుకునే అవకాశం 80 శాతం ఉండాలంటే విశ్రాంతి తేడా ఉన్న మ్యాచ్‌లు సుమారు 1,200 కావాలి. ఒక సీజన్‌లో అలాంటివి కొన్ని వందలే. పది సీజన్లు కలపడం ఒక దారి. అయితే మధ్యలో జట్లు, నిబంధనలు మారిపోతాయి. నా దృష్టిలో షాట్ ప్రయత్నాలను లెక్కపెట్టడమే మెరుగు. ఒక ఆటలో గోల్స్ ఆరు వస్తే షాట్ ప్రయత్నాలు వంద దాటుతాయి కాబట్టి గాలివాటం తగ్గుతుంది. పెనాల్టీల వల్ల ఎవరూ తగ్గకుండా ఐదుగురికి ఐదుగురు ఉన్న సమయాన్నే తీసుకోవాలి. ఆధిక్యంలో ఉన్న జట్టు వెనక్కి తగ్గి ఆడుతుంది కనుక స్కోరును బట్టి కూడా సవరించాలి. ఓవర్‌టైమ్‌లో ముగ్గురికి ముగ్గురే ఆడతారు, షూటౌట్ సంగతి సరే సరి. ఈ రెండింటినీ పక్కనపెట్టి, 60 నిమిషాల ఫలితాన్నే వాడాలి.

కోచ్‌కు మాత్రం పది సీజన్ల లెక్క తేలేదాకా ఆగే వీలుండదు. రెండో రాత్రి ఉదయం స్కేటింగ్ రద్దు చేయడం, షిఫ్టులను 35-40 సెకన్లకు కుదించడం, మామూలుగా తక్కువ సేపు ఆడే నాలుగో వరస (లైన్) ఆటగాళ్ళకు మరో రెండు మూడు నిమిషాలు ఇవ్వడం అతని చేతిలో ఉన్నాయి. వాటిలో షిఫ్ట్ నిడివికే నేను ఎక్కువ విలువిస్తాను, ముఖ్యంగా బెంచీ దూరమయ్యే రెండో పీరియడ్‌లో.