ఊరి చరిత్ర ప్రదర్శనలు, సదస్సులు: అపోహలు - వాస్తవాలు

పరిశోధన అంతా ముగిశాక జనానికి చూపించేదే ప్రదర్శన అని చాలామంది నిర్వాహకుల లెక్క. ప్రాంతీయ చరిత్రలో ఈ లెక్క తలకిందులవుతుంది. చూడ్డానికి వచ్చినవాళ్లకే సగం సంగతులు తెలిసుంటాయి. వాటిని రాబట్టే ఏర్పాటు లేకపోతే ఎంత అలంకరించినా అది ఫొటోల సంతే. కింది అపోహల్లో చాలావాటికి మూలం ఇక్కడే ఉంది.

అపోహ: పాత వస్తువులు లేకపోతే ప్రదర్శన పెట్టలేం.

దక్షిణాఫ్రికాలో, కేప్‌టౌన్ నగరంలోని డిస్ట్రిక్ట్ సిక్స్ అనే పేటను 1966లో తెల్లవారికి మాత్రమే కేటాయించారు. తర్వాతి ఏళ్లలో 60 వేల మందికి పైగా జనాన్ని వెళ్లగొట్టి, ఇళ్లు కూల్చేశారు. 1994లో ఒక పాత చర్చిలో తెరిచిన డిస్ట్రిక్ట్ సిక్స్ మ్యూజియంలో అందరూ ఆగి చూసేది నేల మీద పరిచిన పేట పటాన్ని. అక్కడ ఒకప్పుడు బతికినవాళ్లు తమ ఇల్లు ఉన్న చోటు వెతుక్కుని పేర్లు రాశారు.

పటం ఒక్కటున్నా మొదలుపెట్టొచ్చు. పాత సర్వే పటాన్ని ఎ0 సైజులో (సుమారు 84 x 119 సెంటీమీటర్లు) ప్రింటు తీసి బల్ల మీద పరవండి. గోడకు తగిలిస్తే ఇద్దరికి మించి దగ్గరకు రాలేరు, వేలు పెట్టి వాదించుకోవడమూ కుదరదు. పటం మీద పారదర్శకమైన ప్లాస్టిక్ షీటు బిగించి, పటం నాలుగు మూలలు ఎక్కడున్నాయో షీటు మీద మార్కరుతో గుర్తు పెట్టండి. ఆ గుర్తులు లేకపోతే షీటు తీశాక ఏ చుక్క ఏ వీధిదో చెప్పడం ఎవరి తరమూ కాదు. వచ్చినవారు చూపిన చోట నంబరు స్టిక్కరు అంటించి, అదే నంబరు కింద పుస్తకంలో నాలుగు సంగతులు రాయాలి: చెప్పినవారి పేరు, ఆ చోటికి పాత పేరు, ఏ కాలం నాటి మాట, కళ్లారా చూశారా లేక విన్నారా. ఈ నాలుగోదాన్నే ఎక్కువగా వదిలేస్తారు, తర్వాత అందరూ వెతుక్కునేది దాన్నే. బల్ల దగ్గర ఇద్దరుండాలి, ఒకరు మాట్లాడించడానికి, మరొకరు రాయడానికి. రెండు పనులూ ఒక్కరే చేస్తే రాత వెనకబడి నంబర్లు తారుమారవుతాయి.

అపోహ: ఊరి చరిత్ర అంటే రాజులు, కోటలు, శాసనాలే.

వాషింగ్టన్‌లో 1967లో ఒక పాత సినిమా హాల్లో మొదలైన అనకోస్టియా మ్యూజియం, 1969లో చుట్టుపక్కల వీధుల్లోని ఎలుకల బెడద మీద ప్రదర్శన పెట్టింది. మంచినీళ్ల బావులు, మూతపడ్డ మిల్లు, బడి హాజరు పట్టీలు అన్నీ చరిత్రే.

అపోహ: అసలు కాగితం, అసలు ఫొటో పెడితేనే విలువ.

వెలుతురు చేసే నష్టం పోగవుతూ ఉంటుంది. ఒకసారి వెలిసిన సిరా మళ్లీ రాదు. పాత కాగితాలకూ ఫొటోలకూ మ్యూజియాలు సాధారణంగా పాటించే హద్దు 50 లక్స్ (వెలుతురు కొలత). మామూలు గదిలో కిటికీ పక్కన వెలుతురు దానికి ఎన్నో రెట్లుంటుంది. అందుకే స్కాన్ చేసి, నకలు ప్రదర్శించి, అసలుది ఇంటివాళ్లకు అదే రోజు తిరిగి ఇచ్చేయండి. పోస్టుకార్డు సైజు ఫొటోకి 600 డీపీఐ (అంగుళానికి చుక్కల లెక్క), అంతకంటే చిన్నదానికి 1200 పెట్టి, నాణ్యత తగ్గని టిఫ్ ఫైలుగా దాచాలి. వెనకవైపూ స్కాన్ చేయాల్సిందే. స్టూడియో ముద్ర, తేదీ, చేతిరాత ఉండేది అక్కడే.

భద్రం కోసమని లామినేషన్ చేయించడం అన్నిటికంటే చెడ్డ పని. వేడికి, జిగురుకు కాగితం ప్లాస్టిక్‌తో కలిసిపోతుంది, మళ్లీ విడదీయలేం. సెల్లోటేపు కూడా అంతే, కొన్నేళ్లకు పసుపు మరక మిగులుతుంది. కాగితాలకు నూలు గ్లవ్స్ అవసరం లేదు. వాటితో పట్టు తెలియక అంచులు చిరుగుతాయి, కడిగి ఆరబెట్టుకున్న చేతులు చాలు. ఫొటోలకు, లోహపు వస్తువులకు మాత్రం గ్లవ్స్ ఉండాలి.

అపోహ: పెద్దలు చెప్పిందంతా నిజం. (దీని కవల: నోటిమాట చరిత్ర కాదు.)

ఇటలీలోని టెర్నీ పట్టణంలో లూయీజీ త్రస్తుల్లి అనే ఉక్కు కార్మికుడు 1949లో నాటో వ్యతిరేక నిరసనలో పోలీసుల చేతిలో చనిపోయాడు. ఆ ఊరి కార్మికులు చాలామంది మాత్రం అది 1953లో, పెద్ద సంఖ్యలో ఉద్యోగాలు పోయినప్పుడు జరిగిందని చెప్పారు. వాళ్లను పలకరించిన చరిత్రకారుడు అలెస్సాండ్రో పోర్తెల్లి ఈ తప్పును కొట్టిపారేయకుండా, ఎందుకు వచ్చిందని ఆరా తీశాడు. ఉద్యోగాలు పోవడమే ఊరికి పెద్ద గాయం కాబట్టి, జ్ఞాపకంలో ఆ చావు కూడా ఆ కాలానికే మారిపోయింది. తేదీకి కాగితాన్ని నమ్మండి, ఊరికి ఏది ముఖ్యమో మనిషిని అడగండి.

"ఏ సంవత్సరం?" అని అడిగితే నోటికొచ్చిన అంకె వస్తుంది. "అప్పటికి మీ పెద్దమ్మాయి పుట్టిందా? కరెంటు వచ్చిందా?" అని అడిగితే కాలం దానంతట అదే తేలుతుంది. ఫ్యాను ఆపి, ఫోను ఫ్లైట్ మోడ్‌లో పెట్టి, మాటల్ని వేవ్ (శబ్దాన్ని కుదించని ఫైలు) ఫార్మాట్‌లో, రికార్డరు సెట్టింగుల్లో 48 కిలోహెర్ట్జ్, 24 బిట్ ఎంచుకుని రికార్డు చేయండి. అనుమతి మూడు ముక్కలుగా తీసుకోవాలి: దాచుకోవడానికి, ప్రదర్శనలో వినిపించడానికి, ఇంటర్నెట్‌లో పెట్టడానికి. మొదటి రెంటికీ సరేనని మూడోదానికి వద్దనేవాళ్లు ఉంటారు.

అపోహ: ఎంత రాస్తే అంత వివరం.

నిలబడి ఎవరూ వ్యాసం చదవరు. ప్రధాన ఫలకానికి 100 పదాలు, ఒక్కో వస్తువుకు 30 నుంచి 40 చాలు. అక్షరం 24 పాయింట్లకు తగ్గకూడదు. తెలుగులో వత్తులూ గుడులూ ఒకదానికొకటి తగులుతాయి కాబట్టి వరసల మధ్య ఎడం ఇంగ్లిష్‌కి పెట్టినదానికంటే ఎక్కువే పెట్టాలి. ఫలకం నడిభాగం నేల నుంచి సుమారు 150 సెంటీమీటర్ల ఎత్తులో ఉండాలి.

అపోహ: సదస్సు పండితుల వ్యవహారం.

1960లలో ఆక్స్‌ఫర్డ్‌లోని రస్కిన్ కాలేజీలో చరిత్రకారుడు రాఫెల్ శామ్యూల్ మొదలుపెట్టిన హిస్టరీ వర్క్‌షాప్ సమావేశాల్లో కార్మిక విద్యార్థులే పత్రాలు చదివారు. అడ్డొచ్చేది చదువు కంటే ఏర్పాటు. ఒక్కొక్కరికి 20 నిమిషాలిస్తే 15 మాట్లాడటానికి, 5 ప్రశ్నలకు. అధ్యక్షుడి చేతిలో "2 నిమిషాలు" అని రాసిన అట్ట ఉండాలి. మొదటి వక్త పది నిమిషాలు ఎక్కువ తీసుకుంటే ఆ నష్టం భోజనానికి ముందున్న చివరి వక్త మీద పడుతుంది, సాధారణంగా ఆ చివరివారే ఊరివాళ్లు. మధ్యాహ్నం గంటసేపు పత్రాలు ఆపి, వక్తలందరినీ ప్రదర్శన హాల్లో తమ ఫలకాల పక్కన నిలబెట్టండి. మైకు ముందు నోరు విప్పనివాళ్లు అక్కడ గట్టిగా తప్పులు పడతారు.

ఆ దిద్దుబాట్లకు ప్రతి ఫలకం కింద చీటీలు, దారం కట్టిన పెన్సిలు పెట్టండి. ఏ రోజు చీటీలు ఆ సాయంత్రమే ఫలకం నంబరు వేసి ఫొటో తీయాలి. పత్రాల రాతప్రతులు కూడా వేదిక దిగేలోపే తీసుకోవాలి. "వచ్చే వారం మెయిల్ చేస్తా" అన్నవాటిలో చాలావరకు రావు.