'బోయర్' అంటే రైతా, పోలీసా?

2025 మే 21న వైట్‌హౌస్‌లో ట్రంప్ లైట్లు తగ్గించమని చెప్పి, దక్షిణాఫ్రికా అధ్యక్షుడు రామఫోసా ఎదుటే వీడియో వేయించారు. అందులో ప్రతిపక్ష నేత జూలియస్ మలేమా 'బోయర్‌ను చంపు' పాట పాడుతున్నారు. ఆ పాటలో బోయర్ అంటే ఎవరన్న గొడవ మళ్లీ రాజుకుంది.

డచ్‌లో బోయర్ అంటే రైతు. నెదర్లాండ్స్‌లో ఇవాళ్టికీ అదే అర్థం. 2023 ప్రాంతీయ ఎన్నికల్లో నెగ్గిన రైతుల పార్టీ పేరు మొదలయ్యేది ఆ మాటతోనే. దక్షిణాఫ్రికాలోని కేప్‌కు డచ్‌వాళ్ల వలసలు, తర్వాత బ్రిటిష్‌వాళ్లతో వాళ్ల యుద్ధం తెలిసిన సంగతులే.

అసలు మలుపు 1948. ఆ వలసదారుల సంతతి తెల్లవాళ్లైన అఫ్రికానర్ల నేషనల్ పార్టీ గద్దెనెక్కి వర్ణ వివక్షను చట్టం చేశాక, నల్లవాళ్ల బస్తీల్లో ఈ మాటకు పొలంతో పని లేకుండా పోయింది. 'పాసు (నల్లవాళ్లు వెంట ఉంచుకోవాల్సిన అనుమతి పత్రం) ఏది?' అని తలుపు బాదే పోలీసు బోయర్. జైలు వార్డరూ బోయరే, జన్మలో నాగలి పట్టకపోయినా సరే. జులూ, ఖోసా నోళ్లలో అది 'ఇభూను' అయింది. ఉద్యమ పాటలో తిట్టింది ఆ పాలననే అని వర్ణ వివక్షపై పోరాడిన, రామఫోసా పార్టీ ఏఎన్‌సీ (ఆఫ్రికన్ నేషనల్ కాంగ్రెస్) పాతతరం వాదన.

అఫ్రికానర్ల సంస్థ అఫ్రిఫోరమ్ మాత్రం బోయర్ అంటే మేమే అంటుంది. దాని వాదనకూ ఆధారం లేకపోలేదు: 1993లో వర్ణ వివక్ష వ్యతిరేక నేత క్రిస్ హాని హత్య తర్వాత ఏఎన్‌సీ యువ నేత పీటర్ మొకాబా 'బోయర్‌ను చంపండి, రైతును చంపండి' అన్నారు. రెండో ముక్క ఉన్నాక పోలీసు అర్థం ఒక్కటే అనడం కష్టం. 2003లో మానవ హక్కుల కమిషన్ ఆ నినాదాన్ని విద్వేష ప్రసంగమంది. 2011లో జడ్జి లామాంట్ మలేమా పాటనూ అదే గాటన కట్టారు.

2022లో జడ్జి మొలాహ్లేహి అది విద్వేష ప్రసంగం కాదన్నారు. 2024 మేలో సుప్రీం అప్పీల్ కోర్టు ఆయనతో ఏకీభవించింది: చరిత్ర కాస్త తెలిసినవాళ్లెవరూ దీన్ని రైతులను కాల్చమన్న పిలుపుగా తీసుకోరని. 2025 మార్చిలో రాజ్యాంగ న్యాయస్థానం అప్పీలుకు అనుమతే ఇవ్వలేదు. ట్రంప్ వీడియో వేయించింది ఆ తర్వాత రెండు నెలలకు!

ఆ వీడియోలో రోడ్డు పక్కన వరుసగా కనిపించిన తెల్ల శిలువలు కూడా సమాధులు కావు. 2020లో హత్యకు గురైన రైతు దంపతుల కోసం జరిగిన నిరసనలో నాటినవి. మలేమాది చిన్న పార్టీ, ఆ మాటలు ప్రభుత్వ విధానం కాదని రామఫోసా చెప్పారు. పక్కనే ఉన్న తెల్లజాతి వ్యవసాయ మంత్రి స్టీన్‌హౌసెన్ అయితే, మలేమా లాంటివాళ్లను అధికారానికి దూరంగా ఉంచడానికే తమ పార్టీ ఏఎన్‌సీతో చేతులు కలిపిందన్నారు.