కాన్పు నొప్పుల్లో ఊపిరి, మర్దన, తోడు: అపోహలు - వాస్తవాలు

నేను లేబర్ రూమ్‌లో మిడ్‌వైఫ్‌ని. పాతకాలం మంత్రసానుల పద్ధతుల్లో పట్టుకోవాల్సినవి ఉన్నాయి, వదిలేయాల్సినవీ ఉన్నాయి. మన ఇళ్లలో చాలాసార్లు వదిలేయాల్సినదాన్ని పట్టుకుని, పట్టుకోవాల్సినదాన్ని వదిలేస్తున్నారు.

అపోహ: ఊపిరి, మర్దన మనసుకు ఓదార్పే తప్ప ఒంటికి ఏమీ చేయవు.

వాస్తవం: ఈ మాట నేను అస్సలు ఒప్పుకోను. గర్భసంచి ముడుచుకోవడానికి ఆక్సిటోసిన్ అనే హార్మోన్ కావాలి. భయం, టెన్షన్ పెరిగితే అడ్రినలిన్ అనే మరో హార్మోన్ పెరిగి దానికి అడ్డుపడుతుంది, నొప్పులు మందగించవచ్చు. ఆ భయాన్ని తగ్గించడానికే ఊపిరి, మర్దన. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2018 మార్గదర్శకాల్లో కూడా నొప్పిని తట్టుకోవడానికి ఊపిరి పద్ధతులు, మర్దన, వేడి కాపడం ఉన్నాయి.

నొప్పి రాగానే చాలామంది భుజాలు పైకి లాగి, పళ్లు బిగించి, ఊపిరి బిగబడతారు. నేను ముందు దవడ వదులు చేయమంటాను. ముక్కుతో పీల్చి, వేడి పాలు ఊదినట్టు నోటితో నెమ్మదిగా వదలాలి. నడుము లాగేస్తుంటే పక్కనున్నవారు అరచేతి మొదలుతో నడుము కింద, పిరుదుల మధ్య పైభాగంలో ఉండే ఎముకను అదిమి పట్టాలి. రుద్దడం కాదు, ఆ నొప్పి తగ్గేదాకా అలాగే పట్టి ఉంచాలి. ఎక్కడ, ఎంత గట్టిగా అన్నది ఆమెనే చెప్పనివ్వండి. "ఇంకాస్త కిందికమ్మా, ఆ, అక్కడే" అంటూ చెప్తున్నకొద్దీ ఆమె భుజాలు దిగడం నేను రోజూ చూస్తుంటాను.

నొప్పి మాయమవుతుందని మాత్రం చెప్పను. ఎపిడ్యూరల్ (నొప్పి తెలియకుండా నడుములో ఇచ్చే మందు) కావాలనిపిస్తే అడగండి, అందులో ఓటమి ఏమీ లేదు.

అపోహ: తోడు మనిషి ఉంటే డాక్టర్లకు అడ్డం.

వాస్తవం: ప్రభుత్వ ఆసుపత్రుల్లో తోడు ఉండొచ్చని కేంద్ర ఆరోగ్య శాఖ 2016లోనే చెప్పింది. మొదటి నుంచి చివరిదాకా పక్కన ఒక మనిషి ఉంటే మామూలు కాన్పులు పెరుగుతాయని, నొప్పుల సమయం కొంత తగ్గుతుందని పరిశోధనల్లో తేలింది. మంత్రసాని చేసిన గొప్ప పని ఇదే, తల్లిని ఒంటరిగా వదలకపోవడం. అమ్మో, అత్తో, వదినో, ఎవరు ఉండాలో ఆమె ఇష్టం. మీ ఆసుపత్రిలో ఎవరిని రానిస్తారో ఎనిమిదో నెలలోనే కనుక్కోండి.

అపోహ: నొప్పులు మొదలైతే మంచం దిగకూడదు.

వాస్తవం: తల్లి, బిడ్డ బాగుండి, డాక్టర్ వద్దనకపోతే నడవచ్చు, కూర్చోవచ్చు, గోడకు ఆనుకుని నిలబడొచ్చు. పడుకోవాలనిపిస్తే పక్కకు తిరగండి. వెల్లకిలా పడుకుంటే గర్భసంచి బరువు పెద్ద రక్తనాళాల మీద పడి బిడ్డకు రక్తం తగ్గవచ్చు.

అపోహ: ఆముదం తాగించి, పైనుంచి పొట్ట నొక్కితే త్వరగా కాన్పవుతుంది.

వాస్తవం: రెండూ వద్దు. ఆముదంతో వాంతులు, విరేచనాలై అసలు సమయానికి ఓపిక ఉండదు. పొట్ట నొక్కితే గర్భసంచి చిరిగే ప్రమాదం ఉంది. పాత సిజేరియన్ కుట్టు ఉన్నవారికి అది ప్రాణాల మీదికి వస్తుంది.

అపోహ: అరిస్తే బలం పోతుంది, నోరు మూసుకోవాలి.

వాస్తవం: అరవనివ్వండి. లోగొంతుతో మూలగడం చాలామందికి సాయపడుతుంది కూడా. నొప్పుల్లో ఉన్న మనిషిని కసురుకునే హక్కు ఇంట్లోవాళ్లకూ లేదు, మాకూ లేదు.

ఇక రక్తం పోతున్నా, ఉమ్మనీరు ఆకుపచ్చగా కనిపించినా, బిడ్డ కదలిక తగ్గినా, తీవ్రమైన తలనొప్పితో చూపు మసకబారినా మర్దనలూ కాపడాలూ పక్కన పెట్టి వెంటనే 108కి ఫోన్ చేయండి.