పాత ఎలక్ట్రిక్ గిటారు ఏ కర్ర?

పాత గిటారు చేతికిచ్చి ఇది ఏ కర్రో చెప్పమంటే చాలామంది రంగు చూసి చెప్పేస్తారు. ఎర్రగా ఉంటే మహాగని, నల్లగా ఉంటే రోజ్‌వుడ్, తెల్లగా ఉంటే మేపుల్. నేను రంగును అసలు నమ్మను. బొబ్బిలి వీణకు వాడే పనస కర్ర కోసినప్పుడు పచ్చగా ఉంటుంది, ఏళ్లు గడిచేకొద్దీ గోధుమ రంగుకు తిరుగుతుంది. గిటారు విషయంలో వయసుకు తోడు పైపూత, చేతి చెమట కూడా చేరతాయి.

కర్ర గుర్తు దొరికేది అడ్డకోతలో. చెట్టు బతికున్నప్పుడు నీటిని పైకి మోసిన నాళాలు అక్కడ సన్నటి రంధ్రాల్లా కనిపిస్తాయి. పది రెట్లు పెద్దగా చూపే భూతద్దం చాలు. విశాఖలో ఏదైనా టింబర్ డిపోకి వెళ్లి టేకు దుంగ చివర చూడండి. ఏటా తొలుత పెరిగిన కర్రలో పెద్ద రంధ్రాలు వరుసకట్టి వలయాల్లా ఉంటాయి. ఏటికొప్పాక బొమ్మలు చేసే అంకుడు కర్రలో ఆ వలయాలు ఉండవు, రంధ్రాలు సన్నగా అంతటా చెదిరి ఉంటాయి. గిటారు బాడీల్లో యాష్‌ది టేకు తరహా. ఆల్డర్, మేపుల్‌ది అంకుడు తరహా.

ఈ ఒక్క తేడాతోనే చాలా విషయం తేలుతుంది. ఫెండర్ కంపెనీ స్ట్రాటోకాస్టర్ అనే గిటారును 1954లో యాష్‌తో మొదలుపెట్టింది. 1956 మధ్యలో సన్‌బర్స్ట్, అంటే మధ్యలో లేతగా, అంచుల్లో ముదురుగా ఉండే రంగువాటికి ఆల్డర్‌కు మారింది, లేత పసుపు రంగువాటికి యాష్‌నే ఉంచింది. అయితే వలయాలు కనబడగానే యాష్ అనేయకూడదు. 1970ల నాటి జపాన్ గిటార్లు కొన్నిటిలో సెన్ అనే కర్ర ఉంటుంది. పైకి అచ్చం యాష్‌లాగే కనిపించి మోసం చేస్తుంది. యాష్ వలయంలో పెద్ద రంధ్రాలు సాధారణంగా రెండు మూడు వరుసలు, ఆ తర్వాతి చిన్నవి విడివిడిగా ఉంటాయి. సెన్‌లో పెద్దవి దాదాపు ఒకే వరుస, చిన్నవి కలిసి అలల్లా వంకర గీతలు కడతాయి. ఈ తేడాను ఒకసారి కళ్లారా చూసినవాళ్లు ఇక మరచిపోరు.

పైపూత గీకక్కర్లేదు. తీగల కింద బాడీని కప్పే పిక్‌గార్డు పలక తీస్తే, తీగల కంపనాన్ని పట్టే పికప్‌ల గుంటల్లో, గిటారు మెడ అయిన నెక్ విప్పితే అది కూర్చునే చోట పూత పలచగానో, అసలు లేకుండానో ఉంటుంది. ప్లైవుడ్ అయితే గుంట గోడల్లోనే పొరలు బయటపడతాయి. విశాఖలో అటక మీంచి దింపిన గిటారుకు ఇంకో చిక్కుంది. సముద్రపు గాలికి స్క్రూలు తుప్పు పట్టి బిగుసుకుపోతాయి. ముందు తంతులు వదులు చేసి, తలకు సరిగ్గా సరిపోయే స్క్రూడ్రైవర్‌తో నెమ్మదిగా తిప్పాలి. తొందరపడి స్క్రూ తల అరగదీస్తే దాన్ని బయటికి తీయడానికి కర్రనే తొలవాల్సి వస్తుంది.

నెక్ బయటికొచ్చాక దాని మడమ, అంటే బాడీలో కూర్చునే కొస, చివర తప్పక చూడండి. వేళ్లతో తీగలు నొక్కే పలక అయిన ఫ్రెట్‌బోర్డు, నెక్ మేపుల్ కలిసే గీత అక్కడ తెలుస్తుంది. 1959 నుంచి 1962 వరకు ఫెండర్ మందపాటి రోజ్‌వుడ్ పలకను సమతలంగా అతికించింది. తర్వాత పలక పలచబడి, అతుకు గీత వంపు తిరిగింది. గిటార్ల పుస్తకంలో రాసి ఉన్న తేదీకన్నా ఈ గీతే నాకు నమ్మకం.

కష్టమంతా ఆ రోజ్‌వుడ్ దగ్గరే. ఫెండర్ మొదట వాడింది బ్రెజిల్‌ది, 1960ల మధ్య నుంచి ఇండియాది. ఇండియా రోజ్‌వుడ్ అంటే మన జిట్టేగి, తూర్పు కనుమల్లోనూ పెరిగే చెట్టే. రెండూ డాల్‌బెర్జియా ప్రజాతివే. రెండింటి రంధ్రాలూ ఎంత దగ్గరగా ఉంటాయంటే, భూతద్దంతో చూసి ఇదే బ్రెజిల్‌దని ఖాయంగా చెప్పేవారి మాట నేను తీసుకోను. పైగా బ్రెజిల్ రోజ్‌వుడ్‌ను 1992లోనే, అంతరించే ప్రమాదమున్న మొక్కలు, జంతువుల వ్యాపారాన్ని దేశాల మధ్య నియంత్రించే సైట్స్ ఒప్పందం అత్యంత కఠినమైన జాబితాలో చేర్చింది. తయారై సిద్ధంగా ఉన్న వాయిద్యాలకు ఆ ఒప్పందం 2019లో ఇచ్చిన సడలింపు జిట్టేగికి వర్తిస్తుంది, బ్రెజిల్ రోజ్‌వుడ్‌కు వర్తించదు. అందుకే గిటారును దేశం దాటించేటప్పుడు ఇది కీలకం. తప్పనిసరిగా తేల్చుకోవాలంటే మాస్ స్పెక్ట్రోమీటర్ అనే పరికరంతో కర్రలోని రసాయనాలను చదివే ల్యాబ్‌ను ఆశ్రయించాలి. అమెరికాలో ఆష్‌ల్యాండ్‌లోని వన్యప్రాణి ఫోరెన్సిక్ ల్యాబ్ కలపను ఇలాగే గుర్తిస్తుంది. దానికి సన్నటి కర్ర ముక్క చాలు. ఆ ముక్కను కూడా ఫ్రెట్‌బోర్డు పైనుంచి కాకుండా, నెక్ బిగించాక కనబడని మడమ చివర నుంచే తీయించాలి.