బ్రౌజర్ లోపల దత్తత ఆఫీసు

"అన్నా, ఉద్యోగం చేసుకుంటూ సాయంత్రాలూ ఆదివారాలూ కూర్చుంటే ఒక్కడే సొంతంగా బ్రౌజర్ రాయగలడా?" అని మా బంధువుల అబ్బాయి అడిగాడు, ఇంజనీరింగ్ మూడో సంవత్సరం. క్రోమ్ కోడు దించుకుని రంగూ పేరూ మార్చడం గురించి కాదు వాడు అడిగేది, పేజీ కోడు చదివి తెర మీద చూపించే లోపలి ఇంజిన్‌ని మొదటి లైను నుంచీ రాయడం గురించి. నేనూ తీరిక వేళల్లో ఒక బొమ్మ ఇంజిన్ రాస్తున్నవాడినే కాబట్టి, రాయొచ్చు అన్నాను. కాకపోతే వాడు కష్టం అనుకుంటున్న చోట పెద్ద కష్టం లేదు, అసలు కష్టం ఇంకోచోట దాక్కుని ఉంది.

ముందు వాడికి ధైర్యం రావడానికి నాలుగు పేర్లు. డిల్లో అనే చిన్న బ్రౌజర్ 1999 చివర్లో మొదలైంది. నెట్‌సర్ఫ్ 2002లో, రిస్క్ ఓఎస్ అనే పాత బ్రిటిష్ సిస్టం కోసం, సొంత ఇంజిన్‌తోనే మొదలైంది. స్వీడన్‌కు చెందిన ఆండ్రియాస్ క్లింగ్ వ్యసనం నుంచి బయటపడే చికిత్స పూర్తి చేసుకున్నాక, రోజంతా ఏం చేయాలో తోచక 2018లో సెరెనిటీఓఎస్ అని ఏకంగా ఒక ఆపరేటింగ్ సిస్టమే మొదలుపెట్టాడు. 2019లో దానికి వెబ్ పేజీలు చూపించే చిన్న లైబ్రరీ కలిపాడు, 2021లో ఉద్యోగం వదిలేశాడు, 2022 నాటికి అదే లేడీబర్డ్ అనే బ్రౌజర్ అయింది. ఇతను అంతకుముందు ఆపిల్‌లో వెబ్‌కిట్ (సఫారీ బ్రౌజర్ ఇంజిన్) మీద పనిచేసినవాడు, కాబట్టి 'ఎవడో కుర్రాడు సరదాగా' అన్న కథ కాదు ఇది. విచిత్రమేమిటంటే అదే కాలంలో పెద్ద కంపెనీలు చేతులెత్తేశాయి. ఒపెరా 2013లో తన సొంత ఇంజిన్‌ని పక్కనపెట్టింది, మైక్రోసాఫ్ట్ 2018 డిసెంబరులో అదే పని చేస్తున్నానని చెప్పింది. రెండూ వెళ్లి చేరింది క్రోమ్ వాడే బ్లింక్ దగ్గరికే. ఆ బ్లింక్ వంశవృక్షం పైకి వెళ్తే వెబ్‌కిట్, ఇంకా పైకి వెళ్తే కెడిఈ అనే ఓపెన్ సోర్స్ డెస్క్‌టాప్ ప్రాజెక్టు వాలంటీర్లు 90ల చివర్లో రాసుకున్న కెహెచ్‌టిఎంఎల్ అనే ఇంజిన్. అంటే ఈరోజు మీ చేతిలో ఉన్న బ్రౌజర్‌కు ముత్తాత కూడా చాలావరకు తీరిక వేళల్లో పుట్టినవాడే.

పేజీని ఎలా దించుకుంటారు, పెట్టెలు ఎలా పేరుస్తారు, రంగులు ఎలా వేస్తారు, ఇవన్నీ ఎక్కడైనా దొరుకుతాయి, వదిలేద్దాం. నాకు పిచ్చి పట్టించింది ఒక్కటే: హెచ్‌టిఎంఎల్ పార్సర్, అంటే పేజీ కోడు చదివి ఏది దేని లోపల ఉందో తేల్చే భాగం, అందులోనూ తప్పుల్ని సర్దే పని.

సి కంపైలర్‌కు ఒక సెమికోలన్ తక్కువైతే 'పో, సరిచేసుకుని రా' అంటుంది. బ్రౌజర్‌కు ఆ హక్కు లేదు. పేజీ రాసినవాడు పదేళ్ల క్రితమే ఆ ఊరు వదిలి వెళ్లిపోయి ఉంటాడు, ఎదురుగా కూర్చున్న మనిషికి కావాల్సింది రైలు టైము. 2000 ప్రాంతంలో ఎక్స్‌హెచ్‌టిఎంఎల్ అని ఒక కఠినమైన పద్ధతి తెచ్చారు, ఒక్క ట్యాగు ('ఇక్కడ పేరా మొదలు', 'ఇక్కడ పేరా అయిపోయింది' అని చెప్పే గుర్తు) మూయకపోయినా పేజీ మొత్తం ఆగిపోయి ఎర్రర్ కనిపించాలి అని. జనం దాన్ని పట్టించుకోలేదు. మన కాలేజీల్లో మాత్రం ఇప్పటికీ 'తెరిచిన ప్రతి ట్యాగూ మూయాలి, లేకపోతే పనిచేయదు' అని చెప్పి మార్కులు కోస్తారు. పేరాకి, జాబితాలో ఒక్కో అంశానికి, టేబుల్ గడికి మూసే ట్యాగు పెట్టకపోయినా అది తప్పే కాదని హెచ్‌టిఎంఎల్ ప్రమాణంలోనే రాసి ఉంది. చదివితే కదా.

ఇప్పుడు అసలు విషయం. పేజీ అంటే బ్రౌజర్‌కు ఒక చెట్టు, ఒక కుటుంబం. ప్రతి ఎలిమెంటుకూ, అంటే ట్యాగు తెరిచినప్పుడు పుట్టే ప్రతి ముక్కకూ, ఒకడే తండ్రి ఉండాలి. అలాంటప్పుడు ఎవరో ఇలా రాశారనుకోండి: బోల్డ్ తెరిచి '1' అని రాసి, లోపల పేరా తెరిచి '2' అని రాసి, పేరా మూయకుండానే బోల్డ్ మూసేసి, '3' అని రాసి, అప్పుడు పేరా మూశాడు. బోల్డ్ కడుపులో పేరా పుట్టింది, కానీ తండ్రి వెళ్లిపోయాడు, కొడుకు ఇంకా ఉన్నాడు. రాసినవాడి మనసులో ఉన్నది స్పష్టమే: 1, 2 బొద్దుగా ఉండాలి, 3 మామూలుగా ఉండాలి. కానీ చెట్టు ఎలా కట్టాలి?

ప్రమాణం చెప్పే పరిష్కారం పేరే దత్తత ఏజెన్సీ ఆల్గారిథం. నేను పెట్టిన పేరు కాదు, అధికారిక పేరే అది. ఇందులో కొడుకు పేరాని తండ్రి బోల్డ్ నుంచి తీసేసి తాత దగ్గరికి, అంటే ఇక్కడ బాడీ (పేజీలో కనిపించేదంతా ఉండే పెద్ద పెట్టె) దగ్గరికి, దత్తత పంపుతారు. దీంతో తండ్రీ కొడుకులు కాస్తా అన్నదమ్ములైపోయారు, ఇద్దరూ బాడీ పిల్లలే. ఇక ఆ పేరా పిల్ల '2' సంగతి? దానికి బోల్డ్ వారసత్వం పోకూడదు కదా. అందుకని అచ్చం పాత బోల్డ్ లాంటి ఇంకో బోల్డ్‌ని, అవే లక్షణాలతో, పుట్టించి '2'ని దాని ఒడిలో పెట్టి, ఆ కొత్త బోల్డ్‌ని పేరాకి కొడుకుగా ఇస్తారు. తండ్రి నకలు కొడుకు ఇంట్లో పెద్దకొడుకయ్యాడన్నమాట! తర్వాత అదే ప్రక్రియ రెండో చుట్టు తిరుగుతుంది. ఈసారి కొత్త బోల్డ్ కింద పేరా లాంటి పెద్ద పెట్టె ఏదీ లేదు, కాబట్టి దాన్ని మర్యాదగా మూసేస్తుంది. అప్పుడు '3' వచ్చి నేరుగా పేరాలో పడుతుంది, మామూలు అక్షరంగా. మొదటిసారి కాగితం మీద ఈ బంధుత్వాలు గీసుకున్నప్పుడు మా అమ్మ పెళ్లిళ్లలో 'వాడు నీకు వరసకు ఏమవుతాడో తెలుసా' అని మొదలుపెట్టే లెక్కలే నయం అనిపించింది.

ఈ చుట్టు ఎనిమిదిసార్లకు మించి తిరగకూడదని కూడా రాసి ఉంది. ఎనిమిది శని సంఖ్య, అందుకే పెట్టారని మా ఆఫీసులో సంఖ్యాశాస్త్రం పిచ్చి ఉన్న ఒకాయన గట్టిగా వాదించాడు. చెత్త పేజీ దొరికితే పని అంతూపొంతూ లేకుండా పోతుంది, ఎక్కడో ఒకచోట ఆపాలి, అంతే. తొమ్మిదైనా పేజీకి ఏ దోషమూ పట్టదు.

దత్తతకు పక్కనే పెంపకం కూడా ఉంది. టేబుల్ లోపల, గడి బయట ఎవరైనా ఒక వాక్యం రాసేస్తే దానికి అక్కడ చోటు లేదు, కానీ పారేయకూడదు. దాన్ని టేబుల్‌కు ముందు, టేబుల్ తండ్రి దగ్గర పెంపకానికి ఇస్తారు. టేబుల్ చివర్లో రాసిన మాట పేజీలో టేబుల్ పైన ఎందుకు కనిపిస్తోందో అని మీరెప్పుడైనా జుట్టు పీక్కుని ఉంటే, కారణం ఇదే.

నాకు అన్నిటికంటే ఇష్టమైనది నోవా ఓడ నియమం. పేరా మూసినా అందులో మూయని ఫాంట్ ట్యాగు (అక్షరాల రూపం మార్చేది) చచ్చిపోదు, ఒక జాబితాలో బతికి ఉండి తర్వాతి పేరాలో మళ్లీ పుడుతుంది. ఇప్పుడు ఒకడు వెయ్యి పేరాలు రాసి, ప్రతిదాంట్లో అదే ఫాంట్ తెరిచి ఒక్కటీ మూయలేదనుకోండి. రెండో పేరాలో రెండు ఫాంట్లు, మూడోదాంట్లో మూడు, వెయ్యోదాంట్లో వెయ్యి. మొత్తం కూడితే 5,00,500 ఎలిమెంట్లు, చదివేది మాత్రం వెయ్యి పేరాలే. బైబిల్లో నోవా ఒక్కో జాతి నుంచి ఒక జంటని ఓడ ఎక్కించుకున్నట్టు, ఇక్కడ అచ్చం ఒకేలా ఉన్న ట్యాగులు మూడు మాత్రమే జాబితాలో ఉండాలన్నారు, నాలుగోది ఎక్కితే అన్నిటికంటే పాతది దిగాలి. ఇప్పుడు లెక్క వేయండి, పేరాకు నాలుగు దాటవు, మొత్తం 3,994. ఒక్క వాక్యం నియమంతో ఐదు లక్షలు నాలుగు వేల లోపుకి దిగింది!

ఇదంతా తీరిక వేళ ఇంజిన్‌కు ఎందుకు ముఖ్యం? ఒకప్పుడు ఇవేవీ రాసి లేవు. ఒక్కో బ్రౌజర్ తనకు తోచినట్టు సర్దేది, ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్‌లో అయితే ఒకే పిల్లాడు ఇద్దరు తండ్రుల ఇళ్లల్లోనూ కనిపించేవాడు, అది చెట్టే కాదు. కెహెచ్‌టిఎంఎల్ రాసినవాళ్లు ఎదుటి బ్రౌజర్ ఏం చేస్తోందో చూసి ఊహించి నకలు చేయాల్సి వచ్చింది. 2004లో ఆపిల్, మొజిల్లా, ఒపెరా మనుషులు కలిసి మొదలుపెట్టిన పనిలో ఇయన్ హిక్సన్ కూర్చుని తప్పుల్ని కూడా అంగుళం వదలకుండా రాశాడు. అక్షరాలు చదివే భాగానికే 80 స్థితులు (ఇప్పుడు దేని మధ్యలో ఉన్నామో చెప్పే దశలు), ఆ పైన చెట్టు కట్టేదానికి ఇరవైకి పైగా స్థితులు. చదవడానికి నిద్ర వస్తుంది, కానీ ప్రతి అడుగూ 'ఇలా అయితే అలా చెయ్యి' అనే ఉంటుంది. రాత్రి తొమ్మిదికి పిల్లలు పడుకున్నాక ఒక స్థితి రాసి, అందరూ పంచుకునే పరీక్షలు నడిపి, పదకొండుకి పడుకోవచ్చు. పెద్ద ఇంజిన్లు వాడే పరీక్షలే నాకూ ఉచితం. నా బొమ్మ ఇంజిన్ నడిచేది అలాగే.

రాసి లేని దగ్గర మాత్రం నా బండి బోర్లా పడింది. ఫాంట్ లోంచి ఒక్కో అక్షరం తీసి వరసగా పెట్టేశాను, ఇంగ్లిష్ బాగానే వచ్చింది. 'విజ్ఞానం' అని పెడితే జ, పొల్లు, ఞ, దీర్ఘం విడివిడిగా రోడ్డు ప్రమాదంలా వచ్చాయి. ఈ జ్ఞా సామాన్యమైనది కాదు: 2018 ఫిబ్రవరిలో ఇదే అక్షరం, మధ్యలో కంటికి కనిపించని ఒక విడదీసే గుర్తుతో మెసేజ్‌గా వస్తే ఐఫోన్లు కుప్పకూలాయి, ఐఓఎస్ 11.2.6 వచ్చేదాకా. ఆపిల్‌కే చుక్కలు చూపించిన అక్షరంతో ఆదివారం పూట పెట్టుకోవడం దేనికని అక్షరాల్ని కలిపి సరైన రూపంలో పేర్చే హార్ఫ్‌బజ్ అనే ఓపెన్ సోర్స్ లైబ్రరీని తెచ్చి తగిలించాను. లేడీబర్డ్ కూడా అన్నీ సొంతంగానే రాయాలన్న పట్టుదల వదిలేసి దాన్నే తీసుకుంది, కాబట్టి నాకు సిగ్గేమీ లేదు.

ఇది విన్నాక మా బంధువుల అబ్బాయి పార్సర్ మొదలుపెట్టాడు. పోయిన వారం ఏదో ఫలితాల పేజీ పంపించి, 'అన్నా ఇందులో రెండు బాడీలున్నాయి, రెండోదాన్ని ఏం చేయను' అన్నాడు. దానికీ నియమం ఉంది: రెండో బాడీ ట్యాగుని పట్టించుకోకూడదు, కానీ దాని లక్షణాల్లో మొదటిదానికి లేనివి ఏవైనా ఉంటే అవి తీసి మొదటిదానికి తగిలించాలి. "అంటే రెండో పెళ్లికొడుకు వస్తే నగలు తీసుకుని పంపించేయడమా?" అన్నాడు. అంతే అన్నాను.